ఎండ కళ్ళల్లో పడింది

జూన్ వచ్చిందంటే మా ఇంటి ముందు మా కారు పెట్టుకోడానికి చోటుండదు. ఈ మాట నేను టౌన్ హాల్లో చెప్పాను, చర్చిలో చెప్పాను, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను. ఎవరికీ పట్టలేదు. ఒకరోజు ఒహాయో నంబరు కారు, ఇంకోరోజు టెక్సస్ నంబరు కారు. పోనీ, కారు పెట్టి ఊరుకుంటారా అంటే అదీ లేదు. తలుపు కొట్టి, "ఏమీ అనుకోకపోతే మీ బాత్రూము ఒక్కసారి..." అంటారు. అనుకోకుండా ఎలా ఉంటాం? కానీ మా విస్కాన్సిన్‌లో అనుకున్నది పైకి అనకూడదు. "అయ్యో, దానికేం భాగ్యం" అని లోపలికి పంపించి, వాళ్ళు బయటికొచ్చేదాకా హాల్లో నిలబడి కిటికీలోంచి వాతావరణం చూస్తున్నట్టు నటించాలి.

ఇదంతా సినిమా వల్ల.

మా ఊరు టర్లోలో దానికి పేరుండదు. "సినిమా" అంటే అదే. మిగతావన్నీ "ఇంకో సినిమా". నలభై ఏళ్ళ కిందట కాలిఫోర్నియా నుంచి లారీలేసుకుని వచ్చి మా స్కూలు బేస్‌బాల్ మైదానంలో తీశారు. కథ ఏమంత లేదు. ఒక చిన్న ఊరి జట్టు ఆ ఏడాదంతా ఓడిపోతూనే ఉంటుంది. చివరి ఆట, చివరి బంతి. అవతలివాడు బ్యాటుతో లాగి ఒక్కటిస్తాడు. బంతి మేఘాల్లోకి లేస్తుంది. మనవాడు తల వెనక్కి తిప్పి చూసుకుంటూ కంచె వైపు, ఎండలోకి పరుగెడతాడు. బంతి దిగుతూ ఉంటుంది, దిగుతూ ఉంటుంది... తెరంతా తెల్లబడిపోతుంది. పేర్లు పడతాయి. మీరు లేచి ఇంటికి పోవాలి.

పట్టాడా, వదిలేశాడా?

నలభై ఏళ్ళుగా లోకానికి ఇదే పని. దీనిమీద కాలేజీల్లో పాఠాలు చెప్తారట. దీనిమీద మాటా మాటా పెరిగి నిశ్చితార్థాలు తప్పిపోయాయట. తప్పిపోయినవాళ్ళు కూడా మా మైదానం చూడ్డానికొస్తారు, వేరువేరు కార్లలో. రెండు కార్లూ మా ఇంటి ముందే పెడతారు.

మా ఊరివాళ్ళకి మాత్రం జవాబు తెలుసు. ఆ రోజు ఊరు ఊరంతా గ్యాలరీలో ప్రేక్షకులుగా కూచుంది. వెళ్ళేముందు డైరెక్టరు, "ఇక్కడ చూసింది ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఆయన పోయాడు, మాట మిగిలింది. ఎవరడిగినా ఊళ్ళో అందరిదీ ఒకటే జవాబు: "ఏమోనండీ, ఎండ కళ్ళల్లో పడింది." నమ్మేట్టుగానే ఉంటుంది. బుద్ధున్నవాడెవడూ బేస్‌బాల్ మైదానాన్ని పడమటి ముఖంగా వెయ్యడు. మా స్కూలు కమిటీ వేసింది. అప్పటి అధ్యక్షుడి భార్యకి మోకాళ్ళ నొప్పులు. గ్యాలరీ రోడ్డుకి దగ్గరగా ఉండాలంది. ఆవిడ మోకాళ్ళ కోసం మూడు తరాల పిల్లలు సాయంత్రం పూట కళ్ళు చికిలించుకుని ఆడారు.

ఊళ్ళో జవాబు తెలీనివాణ్ణి నేనొక్కణ్ణే. పేరు డ్వైట్. నాది పెల్టన్, ఇక్కడికి పన్నెండు మైళ్ళు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ పన్నెండు మైళ్ళు తరగలేదు. పెళ్ళయిన ఏడే మా అత్తగారు పోయి మామగారు ఒక్కరే అయిపోయారని మా ఆవిడ మార్లీస్ అంటే ఈ ఇంటికొచ్చి ఉండిపోయాం. దీన్ని ఇల్లరికమని ఎవరూ అనరు. ఎవరూ అనలేదని నేను మాటిమాటికీ గుర్తు చేసుకుంటాను, అంతే.

అసలు బాధ ఇప్పుడు చెప్తాను. సినిమాలో దగ్గర్నుంచి కనపడే మొహం హీరోది. దూరంగా పరుగెత్తేవాడు హీరో కాదు. హీరోకి బంతంటే భయం. ఆయన చొక్కా తొడుక్కుని ఎండలోకి పరుగెత్తినాయన మా మామగారు, వెర్లిన్. అంటే ప్రపంచమంతా వెతుకుతున్న జవాబు రోజూ పొద్దున్నే నా ఎదురుగా కూచుని ఓట్సు గంజి తాగుతుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను. చెంచా కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "ఎండ కళ్ళల్లో పడిందోయ్" అన్నారు.

సొంత అల్లుడితో!

నేను వడగళ్ళ బీమా చూస్తాను. అంటే కారు మీద సొట్టలు వడగళ్ళు చేసినవా, సుత్తి చేసినవా తేల్చడం నా ఉద్యోగం. అనుమానం నాకు జబ్బు కాదు, జీవనోపాధి. మొన్నటి వేసవిలో మాత్రం అది ఇంటికి కూడా వచ్చేసింది.

జూన్ చివర్లో లవోన్ నన్ను పిలిపించింది. లవోన్‌ది మెయిన్ రోడ్డు మీద పైలమ్మే దుకాణం. పై అంటే లోపల పళ్ళు కూరి కాల్చే తీపి రొట్టె. రూబార్బనే పుల్లటి కాడల పై ఆవిడ చేసినట్టు జిల్లాలో ఎవరూ చెయ్యరని ఆవిడే చెప్తుంది. సినిమా నలభయ్యేళ్ళ పండగ కమిటీకి అధ్యక్షురాలు కూడా. ఈ ఊళ్ళో అధ్యక్షుల వల్ల ఏమేం జరుగుతాయో ఇందాకే మనవి చేశాను.

"రా డ్వైట్, కూచో. కాఫీ పొయ్యమంటావా, నిజం చెప్తావా?"

"రెండూ ఒకేసారి కుదరవా?"

"ఊళ్ళో ఎవడో టూరిస్టుల్ని పట్టుకుని అడుగుతున్నాడు."

"ఏమని?"

"పట్టాడా వదిలేశాడా అని!"

"అది వాళ్ళు మనల్ని అడగాలి కదా?"

"మరదే!" అంటూ గుడ్డతో బల్లని అదే చోట మళ్ళీ మళ్ళీ తుడిచింది. "మిషిగన్ వాళ్ళు చెప్పారు. ఎవరో పెద్దమనిషి పక్కన కూచుని మర్యాదగా అడిగాడట. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నాడట."

దాణా మిల్లువాళ్ళు ఏటా ఊళ్ళో ప్రతి మగాడికీ ఆకుపచ్చ టోపీ ఇస్తారు. పాస్టరు గారికి కూడా ఉంది. అయినా లవోన్ నా టోపీనే చూసింది.

"నేను కాదు" అన్నాను.

"నువ్వని అన్నానా?"

"చూశావు."

"కళ్ళున్నాయి, చూశాను. పెల్టన్ మనిషివి కదా, తొందరగా నొచ్చుకుంటావు."

"లవోన్, నాకసలు జవాబే తెలీదు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. నా భుజం తట్టింది. "అదీ! ఎవడడిగినా అలాగే అను. ఎంత బాగా నేర్చుకున్నావు! ఇక్కడ పుట్టినవాడికైనా అంత అమాయకంగా మొహం పెట్టడం రాదు."

నిజం చెప్పినా నమ్మనివాళ్ళతో ఏగొచ్చు. నిజం చెప్తే అబద్ధం బాగా ఆడావని మెచ్చుకునేవాళ్ళతో ఏం చెయ్యాలి?

ఆవిడ లెక్క ప్రకారం ఆ టోపీవాడు ముందు జనం ఏమనుకుంటున్నారో కూపీ లాగి, పండగ రోజుకి జవాబు ఏ టీవీవాళ్ళకో అప్పజెప్తాడు. "అది బయటపడితే ఇంకెవడొస్తాడు ఈ ఊరికి? నా పైలు ఎవరు తింటారు? మీ ఇంటి ముందు ఒక్క కారుండదు, తెలుసా?"

ఒక్క క్షణం నా మనసు అటువైపు జారిందని ఒప్పుకుంటాను.

ఇంటికొచ్చి చూద్దును కదా, అక్కడా అదే వాసన. మార్లీస్, మామగారు వంటింట్లో గుసగుసలాడుకుంటున్నారు. నేను అడుగుపెట్టగానే ఆపేశారు. మార్లీస్ వెంటనే, "దోసకాయలు బాగా కాశాయి ఈసారి" అంది. దోసకాయల గురించి గుసగుసలాడేవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

పైగా మంగళవారాలు. ప్రతి మంగళవారం తండ్రీకూతుళ్ళు మాడిసన్‌కి షాపింగని వెళ్తున్నారు. సాయంత్రానికి వస్తున్నారు. చేతిలో ఒక్క సంచీ ఉండదు. సంచి లేకుండా తిరిగొచ్చే షాపింగుని నా ఉద్యోగంలో నేనైతే ఒప్పుకోను.

ఆ పైన సాయంత్రాలు. భోజనం కాగానే మామగారు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, మడత కుర్చీ చంకలో ఇరికించుకుని, "గడ్డి చూసొస్తా" అని మైదానానికి బయల్దేరేవారు. గడ్డి రోజూ చూసేంత మారుతుందా?

ఒక సాయంత్రం వెనకే వెళ్ళాను. గ్యాలరీ చెక్కల కింద నక్కాను. అక్కడ నాకంటే ముందు దోమలున్నాయి. చప్పుడు చేస్తే దొరికిపోతానని వాటికి ఒక చెయ్యి వదిలేశాను.

మామగారు కుర్చీ తెరిచి, నెబ్రాస్కా నుంచొచ్చిన ఒక మొగుడూ పెళ్ళాల పక్కన వేసుకున్నారు. వాతావరణం అడిగారు. దారిలో రోడ్లెలా ఉన్నాయని అడిగారు. ఆ తర్వాత మెల్లిగా:

"మీరీ సినిమా చాలాసార్లు చూసుంటారు. ఒకటడుగుతాను, ఏమనుకోకండి. వాడు పట్టాడంటారా?"

"పట్టకేం!" అన్నాడు లావుపాటాయన. "మా నాన్నా నేనూ పక్కపక్కన కూచుని చూశాం. ఆయన నా భుజమ్మీద చెయ్యేసింది జన్మలో ఆ ఒక్కసారే. అలాంటిది వాడు బంతి వదిలేస్తే ఎలా కుదురుతుందండీ?"

"వదిలేశాడు" అంది ఆయన భార్య. "ఆ మొహం చూడలేదూ? గ్యారేజీ తలుపు నేనే బాగుచేస్తానని ఈయన నిచ్చెనెక్కినప్పుడు అచ్చం అదే మొహం."

"నువ్వు తలుపు సంగతెత్తకు."

"ఎత్తడానికేముంది, అది ఎత్తితే లేవదు."

మామగారు నవ్వలేదు. ముందుకి వంగి, "మీకు ఖాయంగా తెలుసా?" అని ఇద్దర్నీ అడిగారు. ఆయన వాళ్ళని ఆట పట్టించడం లేదు. ప్రమాదం చూసిన సాక్షిని పోలీసు అడిగినట్టుంది.

అంటే టోపీవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. మాడిసన్‌లో టీవీ ఆఫీసులున్నాయి. మంగళవారాలు బేరం జరుగుతోంది. కూతురు సాక్షి. అల్లుడు మాత్రం పరాయివాడు!

తిరిగొచ్చే దారిలో, అప్పుడే ఎదురొస్తున్నట్టు ఎదురొచ్చాను.

"ఏంటి మామగారూ, ఏం నడుస్తోంది?"

"ఎడమ మోకాలు తప్ప అన్నీ నడుస్తున్నాయి. నీ చేతికేమిటోయ్ ఆ దద్దుర్లు?"

"చలికి."

జూలైలో చలి. ఆయన సరేనన్నారు. మా ఇంట్లో అబద్ధాలకి ఇచ్చే మర్యాద నిజాలకి ఎవరూ ఇవ్వరు.

మర్నాడు శుక్రవారం. మార్లీస్ చర్చిలో చేపల వేపుడు భోజనానికి వడ్డించడానికి వెళ్ళింది. మామగారు పడకగదిలో కునుకు తీస్తున్నారు. హాల్లో గడియారం పక్కన గాజు గిన్నెలో ఆ బంతి ఉంటుంది. సినిమాలో చివరి బంతి అదే. ఇరవై రెండేళ్ళు దాని మీద దుమ్ము దులిపాను గానీ ఎప్పుడూ వృత్తిపరంగా చూడలేదు. సొట్టలు చూసే భూతద్దం తెచ్చాను. కుట్లు చూశాను. తోలు చూశాను. ఒక పక్క పచ్చటి మరక, గడ్డిది. నేల తగలకుండా గడ్డి మరక ఎలా వస్తుంది? కానీ చివరి పరుగు ఒక్కసారే తీసినా, పొద్దుట్నుంచీ మిగతా ఆటంతా అదే బంతితో తీశారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మరక ఎప్పటిదో! ఆఫీసులో అయితే "నష్టం కలదు, కారణం తేలలేదు" అని రాసి ఫైలు మూసేసేవాణ్ణి.

"ఏం తేలింది?"

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. అక్కడే నాకు అనుమానమేసింది. దొరికిన దొంగని ఎవరైనా తిడతారు. ఈయన, కారు మీద సొట్టలు చూపించి నా మొహం చూసే రైతులా నిలబడ్డారు.

"పచ్చ మరకుంది" అన్నాను.

"అంటే వదిలేశానా?"

"మీరే చెప్పాలి."

ఆయన వచ్చి సోఫాలో కూచున్నారు. బంతిని తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. పిల్లి పిల్లని పెట్టుకున్నట్టు.

"కంచె దాకా పరుగెత్తింది గుర్తుంది. కంచె అవతల ఆవులు తలెత్తి చూసింది గుర్తుంది. బంతి చేత్తో పట్టుకుని గ్యాలరీ వైపు నడిచొచ్చింది గుర్తుంది. చప్పట్లు కూడా. మధ్యలోది పోయిందోయ్."

"పోవడమేంటి?"

"పోయింది. ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టు. మాడిసన్‌లో డాక్టరు ఇలాంటివి ఇంకా పోతాయన్నాడు. ముందు కొత్తవి పోతాయట. నాకు ఈ పాతదే ముందు పోయింది. నేనెప్పుడూ వరసలో రాలేదు."

మంగళవారాలు అవి. సంచి లేని షాపింగు అది. నేను భూతద్దం జేబులో పెట్టుకున్నాను.

"ఎవర్నైనా అడగొచ్చుగా మామగారూ? ఊరంతా చూసింది."

"అడక్కేం. లవోన్‌ని అడిగాను. 'ఎండ, వెర్లిన్, ఎండ' అని కన్ను కొట్టింది. మంగలి ఆర్డెల్‌ని అడిగితే, 'భలేవాడివయ్యా, నన్నే పరీక్షిస్తున్నావా' అని క్షవరం ఊరికే చేశాడు. నేనే కదా వీళ్ళకి అంత గట్టిగా నేర్పింది! డైరెక్టరు ఒక్కసారన్నాడు. నలభయ్యేళ్ళు అనిపించింది నేను. టూరిస్టులే నయం. ఏదో ఒకటి చెప్తున్నారు."

"పట్టినా పట్టకపోయినా ఇప్పుడేమైంది? సినిమా మారదుగా."

"సినిమా సంగతెవడికి కావాలోయ్!" మొదటిసారి గొంతు లేచింది. "ఇన్నేళ్ళు నేను దాచిపెట్టుకున్నది ఒక గొప్పా, ఒక తప్పా? పట్టుంటే, గొప్ప చేసి చెప్పుకోకుండా బతికినవాణ్ణి. వదిలేసుంటే, తప్పు కప్పుకుని తిరిగినవాణ్ణి. ఇద్దరూ ఒకడు కాదు. పోయేలోపల నేనెవణ్ణో తెలుసుకుందామని. అంతే." బంతిని మరక కనపడకుండా తిప్పి, "ఈ అడగడం సంగతి మార్లీస్‌కి చెప్పకు. డాక్టరు గొడవకే సగమైంది" అన్నారు.

చెప్పనన్నాను. చెప్పకుండా తెలుసుకోవచ్చనుకున్నాను. ఇంట్లో ఒక సాక్షి ఉంది కదా. సినిమా తీసేనాటికి మార్లీస్‌కి పదేళ్ళు. గ్యాలరీలో ముందు వరస.

ఆదివారం వంటింట్లో తను రూబార్బ్ కాడలు తరుగుతోంది. నేను ఎదురుగా కూచున్నాను.

"మార్లీస్, ఒకటడుగుతా. మీ నాన్న ఆ బంతి పట్టాడా?"

"ఎండ కళ్ళల్లో పడింది."

"బయటివాళ్ళకి చెప్పేది కాదు. నాకు చెప్పు."

"ఎండ పడింది డ్వైట్."

"ఇరవై రెండేళ్ళు. నీ పక్కన పడుకుంటున్నాను. మీ ఇంటి కప్పు రెండుసార్లు మార్పించాను. నాకు కూడా ఎండేనా?"

తను కత్తి ఆపింది. నా వైపు చూసింది. "నాకు నిజంగానే ఎండ పడింది" అంది. "పదేళ్ళ పిల్లని. చెయ్యి అడ్డం పెట్టుకున్నా. ఏం కనపడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టా. అమ్మ చూసిందనుకున్నా. అమ్మనడిగితే, 'మీ నాన్ననడుగు' అంది. నాన్ననడిగితే నవ్వాడు."

మళ్ళీ తరగడం మొదలెట్టింది. కాడలన్నీ ఒకే పొడుగు వస్తున్నాయి. మరైతే చూసిందెవరు?

సోమవారం మధ్యాహ్నం లవోన్ దుకాణానికెళ్ళాను. జనం లేని వేళ. తలుపు దగ్గర బోర్డు 'మూసి ఉంది' వైపుకి తిప్పాను.

"దోపిడీయా?" అంది లవోన్.

"నువ్వు చూశావా, చూళ్ళేదా?"

"ఏది?"

"ఏదో నీకు తెలుసు. నీ పై మీద ఒట్టేసి చెప్పు."

ఆవిడ కిటికీ తెరలు దించింది. తిరిగొచ్చి నించుంది. ఆప్రాను సర్దుకుంది. "ఎండ" అంది. ఈసారి కన్ను కొట్టలేదు. "వెధవ ఎండ. చెయ్యడ్డం పెట్టుకుంటే కెమెరాలో బాగుండదని పెట్టుకోలేదు. కొత్త గౌను వేసుకున్నా ఆ రోజు. చప్పట్లు కొట్టమని ముందే చెప్పారు, కొట్టాం. మీ ఇంట్లోవాళ్ళకి తెలుసుననుకున్నా."

"మా ఇంట్లోవాళ్ళు మీకు తెలుసుననుకున్నారు."

ఆ వారమంతా వడగళ్ళు మానేసి మనుషుల్ని చూశాను. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారట. ఆర్డెల్ లవోన్ గౌను చూస్తున్నాడట. కెమెరాకి కూడా ఎండే కొట్టింది, అందుకే తెర తెల్లబడింది. నలభయ్యేళ్ళుగా ఊరంతా ప్రాణంలా కాపాడిన రహస్యం ఎవరి దగ్గరా లేదు! ప్రతివాడూ పక్కవాడి దగ్గరుందని భద్రంగా నోరు మూసుకున్నాడు. చూసింది ఒక్క మామగారు. లోకంలో ఎండ సాకు చెప్పుకోలేనివాడు కూడా ఆయనొక్కడే, బంతి కోసం వెనక్కి తిరిగి చూస్తే సూర్యుడు ఆయన తల వెనకున్నాడు. ఆయన కాక ఇంకెవరైనా చూశారంటే, కంచె అవతల ఆవులు. పాలకేంద్రం వాళ్ళనడిగాను. ఇప్పుడున్నవి వాటి మునిమనవరాళ్ళట.

ఇదంతా వినగానే లవోన్ నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. "ఈ సంగతి మాత్రం బయటికి పొక్కనీకు డ్వైట్. తెలిసి దాచామంటే పరువు. తెలీక దాచామని తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

"లవోన్, ఆ టోపీవాడు వెర్లిన్."

ఎందుకని అడగబోయి ఆగింది. నేను చెప్పాను, డాక్టరు సంగతి, మధ్యలోది పోయిన సంగతి. మార్లీస్‌కి చెప్పొద్దన్నారు గానీ లవోన్ పేరెత్తలేదు కదా అనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూచుంది. లవోన్ తన దుకాణంలో కూచోడం నేను అప్పుడే చూశాను.

"పట్టాడని చెప్పెయ్" అంది చివరికి.

"ఎవరు చూశారని అడుగుతారు."

"నేను చూశానని చెప్పు."

"నువ్వు కన్ను కొట్టావు. ఇక ఆయన నిన్ను నమ్మరు."

ఆవిడ ఒక ముక్క పై కోసి నా ముందు పెట్టింది. తర్వాత తనే తినేసింది.

ఆగస్టులో పండగైంది. దోమల వల్ల సినిమా మైదానంలో వెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం పూట స్కూలు వ్యాయామశాలలో వేస్తారు. కిటికీలకి నల్లగుడ్డ కడతారు. మా ఊళ్ళో దానికో పద్ధతుంది. తెర మీద ఎవరి మొహం వాళ్ళకి కనపడగానే వాళ్ళ పేరు వాళ్ళే అరవాలి. పోయినవాళ్ళ పేరు ఇంట్లోవాళ్ళు అరుస్తారు. పోయేవాళ్ళు పోగా, ఏటికేడాది ఆ రెండో రకం అరుపులే పెరుగుతున్నాయి. లవోన్ కొత్త గౌనులో కనపడి తన పేరు తనే అరిచింది. మార్లీస్ తన పేరూ, వెంటనే వాళ్ళమ్మ పేరూ అరిచింది. నాకు అరవడానికి పేరు లేదు. ప్రతి ఏడూ ఆ గంటన్నరా నేను మొక్కజొన్న పేలాలు తింటాను.

చివరి బంతి దగ్గర మాత్రం ఎవరూ అరవరు. అందరూ టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకుంటారు. ఇదివరకు ఆ నిశ్శబ్దంలో నాకు ఊరంతా కలిసి నవ్వుకుంటున్నట్టుండేది, నన్ను చూసి. ఈసారి పక్కకి చూశాను. అందరూ మెడలు ముందుకి చాచి ఉన్నారు. లవోన్, ఆర్డెల్, పాస్టరు గారు. ఈసారైనా కనపడుతుందేమోనని, నలభయ్యో ఏడు కూడా చూస్తున్నారు. ఒహాయో వాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు.

మామగారు నా పక్కన కూచున్నారు. తెర మీద ఆయన పరుగెడుతున్నారు. నలభై దాటని మనిషి, రెండు మోకాళ్ళూ పనిచేస్తున్నాయి. బంతి దిగుతోంది. ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"అల్లుడూ, నువ్వు ఆ రోజు లేవు. నువ్వు ఎవరికీ మాటివ్వలేదు. మొన్న ఊరంతా తిరిగి అందర్నీ అడిగావని నాకు తెలుసు. నువ్వు చెప్తే నమ్ముతా. పట్టానా?"

తెర తెల్లబడింది. ఆ వెలుగు ఆయన మొహం మీద పడింది. 'పట్టారు' అందామని నోరు తెరిచాను. పచ్చ మరక గుర్తొచ్చింది. 'తెలీదు' అందామనుకున్నాను. ఎవరికీ తెలీదంటే, ఇక ఆయనకి అడగడానికి కూడా ఎవరూ మిగలరు. ఏం అనబోతున్నానో నాకే తెలీకుండా నోటిలోంచి వచ్చేసింది.

"ఎండ కళ్ళల్లో పడింది మామగారూ."

నల్లగుడ్డలు కట్టిన వ్యాయామశాలలో. ఆ రోజు లేనివాణ్ణి.

ఆయన నన్ను అలాగే చూశారు. నా మోకాలి మీద రెండుసార్లు తట్టారు. "నువ్వూ ఈ ఊరివాడివైపోయావోయ్" అన్నారు. టోపీ పెట్టుకుని లేచారు.

ఇరవై రెండేళ్ళుగా ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఎదురు చూశాను. ఇలా అంటారనుకోలేదు.

ఇప్పుడు అక్టోబరు. టూరిస్టులు వెళ్ళిపోయారు. మా ఇంటి ముందు రెండు కార్లూ ఒక పడవా పెట్టుకునేంత చోటుంది. మామగారికి సాయంత్రాలు అడగడానికి మనిషి దొరకడం లేదు. అందుకని పొద్దున్నే, ఓట్సు గంజి ముందు, నన్నే అడుగుతున్నారు. ముందురోజు అడిగింది ఆయనకి గుర్తుండటం లేదు. నేనిచ్చిన జవాబూ గుర్తుండటం లేదు. రోజూ అంతే ఆశగా, మొదటిసారి అడిగినట్టు అడుగుతారు. నేను ఏదో ఫోనొచ్చినట్టు లేస్తాను, కాఫీ ఒలికిస్తాను, దోసకాయల ఊసెత్తుతాను. ఒలికించడానికి ఇంట్లో ఇంక శుభ్రమైన బల్లగుడ్డ లేదు. చలికాలం దాటితే ఆయన అడగడం కూడా మానేస్తారని డాక్టరు మార్లీస్‌తో అన్నాడట. అన్నట్టు, ఈ అడగడం సంగతి మార్లీస్‌కి ఎప్పట్నుంచో తెలుసు. పక్క గదిలోంచి వింటోంది. తనూ నాకు చెప్పలేదు. తనకీ ఏం చెప్పాలో తెలీదు.

అయ్యా, అమ్మా, మీలో ఎవరైనా ఇలాంటిదేదైనా పడుంటే నాకు దయచేసి దారి చెప్పండి. పట్టారని చెప్పనా? వదిలేశారని చెప్పనా? ఒకరోజు ఇదీ, ఒకరోజు అదీ చెప్పి, ఏ రోజు గంజి బాగా తాగుతారో చూడనా? ఏది చెప్పమన్నా కారణంతో సహా చెప్పండి, ఆయన కారణం అడుగుతారు. కాస్త తొందరగా చెప్పండి. రేపు పొద్దున్న ఏడింటికి ఆయన చెంచా కింద పెట్టి నా వైపు చూస్తారు.

ఒక్క మనవి. ఎండ సంగతి మాత్రం రాయకండి. అది మా ఊళ్ళో కావలసినంత ఉంది.